నిలుపుశక్తికి కొలత: బ్రేకు పరీక్షాపత్రము వెనుకటి చరిత్ర

మోటారు కారును గూర్చి ప్రసంగము వచ్చినపుడు దాని వేగమును, ఇంజను బలమును, ఇంధనపు ఖర్చును గూర్చి అడుగని వారుండరు. అది ఎంత దూరములో ఆగునని అడుగువారు మాత్రము అరుదు. పరుగెత్తి పాలు త్రాగుట కంటె నిలుచుండి నీళ్లు త్రాగుట మేలని మన పెద్దలు చెప్పిన మాట మోటారు బండికి అక్షరాల వర్తించును. పరుగు బండికి ప్రయోజనము. నిలుకడ అందు కూర్చున్న వారికిని, దారిన పోవు వారికిని ప్రాణము.

గ్రేట్ బ్రిటనులో మూడేండ్లు నిండిన కారును సామాన్యముగా ఏటేట పరీక్షకు నిలుపవలెను. ఆ పరీక్షలో బ్రేకుల వంతు వచ్చినపుడు యంత్రము కొన్ని అంకెలను చూపును. ఎడమ ముందు చక్రమునకు ఇంత, కుడి ముందు చక్రమునకు ఇంత, వెనుక చక్రములకు ఇంత. మొత్తము సామర్థ్యము నూటికి ఇంత. ఇరుప్రక్కల నడుమ వ్యత్యాసము ఇంత. కారు యజమాని సామాన్యముగా ఉత్తీర్ణమైనదా లేదా అను ఒక్క మాటను మాత్రమే చూచుకొని, కాగితమును మడిచి జేబులో వేసికొనును. కాని ఆ అంకెలలో ఏ ఒక్కటియు ఊరక పుట్టినది కాదు. ఒక్కొక్క అంకె వెనుక ఒక ప్రమాదమో, ఒక శాసనమో, ఒక పనివాని నేర్పో ఉన్నది. ఆ చరిత్రను తెలిసికొన్నచో కాగితమును చదువు పద్ధతియు దానంతట అదే తెలియును.

ఎద్దుబండి కాలములో బండిని ఆపు భారము చాల వరకు పశువులదే. ఏటవాలు దిగునపుడు ఎద్దుల మెడలే బ్రేకులు. తోలువాడు పగ్గము బిగించినను, చివరకు కాళ్లు తన్నిపట్టి బరువును ఆపునవి ఎద్దులే. వాటికిని ప్రాణభయము కలదు గనుక అవి కూడ ఆగవలెననియే కోరును. యంత్రపు బండి వచ్చిన దినమున ఈ సాయము పోయినది. ఇంజనుకు భయము లేదు, అలసట లేదు, ఎదుట మనిషి ఉన్నాడను ఎరుక లేదు. ఆగుటకు వేరుగ ఒక సాధనమును, దానిని నమ్మదగునా అని చూచుటకు ఒక పరీక్షను మానవుడే కల్పించుకొనవలసి వచ్చెను.

బ్రిటిషు పార్లమెంటు ఈ చిక్కును మొదట వేగమును అణచుటచే తీర్పజూచెను. 1865 నాటి శాసనము ప్రకారము యంత్రశకటము పల్లెదారులలో గంటకు 4 మైళ్లను, పట్టణములలో 2 మైళ్లను మించి పోరాదు; దాని ముందు ఒక మనిషి ఎఱ్ఱజెండా పట్టుకొని నడువవలెను. మనిషి నడకను మించని బండికి బ్రేకు ఎట్లున్నను కొంపలు మునుగవు. 1896లో ఆ కట్టుబాట్లు సడలి, వేగపు హద్దు గంటకు 14 మైళ్ల వరకు పెరిగెను. ఆ సడలింపు అమలులోనికి వచ్చుటకు కొలది నెలల ముందే, 1896 ఆగస్టు 17వ తేదీన, లండనులోని క్రిస్టల్ పాలెస్ తోటలో బ్రిడ్జెట్ డ్రిస్కల్ అను గృహిణి ప్రదర్శనకై తిరుగుచున్న మోటారు బండి క్రిందపడి మరణించెను. బ్రిటనులో మోటారు కారుచే చనిపోయిన మొదటి పాదచారిగా ఆమె పేరు చరిత్రలో నిలిచినది. జ్యూరీ దానిని దుర్మరణముగా తీర్మానించి ఊరకుండెను.

మూడేండ్లు తిరుగకముందే రెండవ పాఠము వచ్చెను. 1899 ఫిబ్రవరి 25వ తేదీన లండను చెంతనున్న హారో పట్టణములో గ్రోవ్ హిల్ అను ఏటవాలు దారిని ఎడ్విన్ సివెల్ అను చోదకుడు ఒక డైమ్లర్ బండిని నడుపుకొని దిగుచుండెను. బండిని కొనదలచిన వారికి దాని గుణములు చూపుటయే ఆ ప్రయాణపు ఉద్దేశము. వేగము మిక్కిలి కాగా అతడు బ్రేకు వేసెను. బ్రేకు పట్టినది, కాని ఆ పట్టునకు వెనుక చక్రము ఓర్వలేక విరిగినది. సివెల్ అక్కడనే మరణించెను. ప్రయాణికులలో మేజర్ రిచర్ అను ఆయన కొన్ని దినములకు ఆస్పత్రిలో కన్నుమూసెను. 1969లో ఆ తావున ఒక స్మారక ఫలకమును నెలకొల్పిరి.

ఈ రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో ఒక సంగతి స్పష్టమగును. ఆగలేని బండి ఎంత అపాయమో, తప్పుగా ఆగు బండియు అంత అపాయమే. బ్రేకునకు బలము ఉన్నంత మాత్రమున చాలదు. ఆ బలము చక్రము, ఇరుసు, టైరు భరింపగలిగినట్లు, అన్ని ప్రక్కల సమముగా పనిచేయవలెను. నేటి పరీక్షాపత్రములో సామర్థ్యమునకు ఒక అంకె, వ్యత్యాసమునకు మరియొక అంకె వేరుగ ఉండుటకు మూలకారణము ఇదియే.

శాసనకర్తలకు తొలినాళ్లలో కొలతలు తెలియవు. 1904 నాటి బ్రిటిషు నిబంధనలు మోటారు కారునకు ఒకదానితో నొకటి సంబంధము లేని రెండు బ్రేకులుండవలెనని, వాటిలో ఏ ఒక్కటి వేసినను ఒక ఇరుసు మీది రెండు చక్రములు తిరుగక బిగిసిపోవలెనని శాసించినవి. ఒకటి తెగినను రెండవది కాపాడవలెననుట మంచి ఆలోచన. నేటి కారులో కాలి బ్రేకు, చేతి బ్రేకు రెండును వేరువేరుగ ఉండుటకు, పరీక్షలో రెండింటిని వేరుగ కొలుచుటకు బీజము అందే కలదు. కాని చక్రము బిగిసిపోవుటయే మంచి బ్రేకునకు గురుతు అనుకొనుట ఆ కాలపు పరిమిత జ్ఞానము. బిగిసిన చక్రము నేలపై జారును. జారు టైరు చాల నేలలపై దొర్లు టైరు కంటె తక్కువగా పట్టును. చోదకుడు స్టీరింగు త్రిప్పినను బండి మాట వినదు.

బ్రేకు నిర్మాణము ఈ నడుమ వేగముగా మారజొచ్చెను. డెర్బీషైరులో హెర్బర్ట్ ఫ్రూడ్ అను ఆయన గుఱ్ఱపుబండ్లవారు కఱ్ఱ బ్రేకు దిమ్మెలకు పాత బూట్ల అట్టలను మేకులతో కొట్టుకొనుట చూచి, రాపిడికి తట్టుకొను లైనింగును తయారు చేయవచ్చునని తలపోసి 1897లో ఆ పని మొదలిడెను. తన పేరులోని అక్షరములను తారుమారు చేసి, భార్య పేరులోని ఒక అక్షరమును చేర్చి ‘ఫెరోడో’ అను పేరు కల్పించెను. తరువాత ఈ లైనింగులలో ఆస్‌బెస్టాస్ నారను విరివిగా వాడిరి. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తేలుటచే బ్రిటను 1999లో దానిని పూర్తిగా నిషేధించినది. 1902లో ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకును రూపొందించెను. అదే ఏట బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకునకు పేటెంటు పొందెను. డ్రమ్ము వెంటనే వాడుకలోనికి వచ్చెను. డిస్కు మాత్రము అర్ధశతాబ్దము వేచియుండెను. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ పందెములో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ కారు గెలిచిన పిదప గాని లోకము దానిని గుర్తింపలేదు.

తొలి కార్లకు వెనుక చక్రములకు మాత్రమే బ్రేకులుండెడివి. బండిని ఆపునపుడు బరువు ముందునకు ఒరగును. వెనుక చక్రములు తేలికపడును. అనగా పట్టు దొరకని చోట బ్రేకు, పట్టు దొరుకు చోట శూన్యము. 1920 తరువాతి దశాబ్దములో నాలుగు చక్రములకును బ్రేకులు వాడుకలోనికి వచ్చినవి. ఆ రాకతో క్రొత్త చిక్కు పుట్టినది. కడ్డీలు, తీగలు పెడలు నుండి నాలుగు చక్రములకు బోవలెను. వాటిలో ఒకటి సాగినను, ఒక కీలు తుప్పుపట్టినను ఒక చక్రము గట్టిగా, ఒకటి మెత్తగా పట్టును. ముందు చక్రములలో అట్లు జరిగినచో బండి ఒక ప్రక్కకు లాగును. మాల్కమ్ లాకీడ్ అను అమెరికను ప్రవేశపెట్టిన ద్రవపు బ్రేకులు ఈ లోపమును చాల వరకు తొలగించినవి. గొట్టములోని ద్రవము ఒత్తిడిని అన్ని వైపులకు సమానముగా పంచును. 1921లో అమెరికాలో వెలువడిన డ్యూసెన్‌బర్గ్ కారునకు నాలుగు చక్రములకు ఇట్టి బ్రేకులే. అయినను పాత పద్ధతి వెంటనే పోలేదు. ఫోర్డు కంపెనీ ఇంగ్లండులో చౌకగా అమ్మిన పాపులర్ కారునకు 1959 వరకు కడ్డీ బ్రేకులే ఉండెను.

బ్రేకును కొలుచుట ఎట్లు? మొదట దూరమే కొలత. ఒక వేగమున పోవు బండిని ఆపి, ఎన్ని అడుగులలో ఆగినదో చూచెడివారు. కాని నడుపువాని కన్ను, కాలు, వేగమాపకపు నిజాయితీ అన్నియు ఆ లెక్కలో కలియును. మొదటి ప్రపంచయుద్ధమునకు ముందే హెచ్. ఇ. వింపెరిస్ బండిలో పెట్టుకొని వేగపు మార్పును సూటిగా చదువదగిన పరికరమును నిర్మించెను. తరువాత బ్రిటనులో టాప్లీ మీటరు ప్రసిద్ధమైనది. దాని లోపల నూనెలో ఊగు ఒక లోలకము కలదు. బస్సు హఠాత్తుగా ఆగినపుడు నిలుచున్న మనము ముందునకు తూలినట్లే, బ్రేకు పడినపుడు ఆ లోలకము ముందునకు ఊగును. ఎంత ఊగినదో ముల్లు నూటికి ఇంత అని చూపును.

ఈ ‘నూటికి ఇంత’ అనునది దేనిలో భాగము? శ్రోతలు దీనిని కొంచెము నిదానముగా గ్రహింపవలెను. పైనుండి జారవిడిచిన రాయి ప్రతి సెకనునకు తన వేగమును సెకనుకు 9.81 మీటర్ల చొప్పున పెంచుకొనును. బ్రేకు వేసిన బండి అదే రేటున వేగమును కోలుపోయినచో దాని సామర్థ్యము నూటికి నూరు. మరియొక విధముగా చెప్పవలెనన్న, చక్రముల వద్ద బ్రేకులు పట్టు బలము బండి బరువునకు సమానమైనచో నూరు, సగమైనచో 50. కాబట్టి 50 అనగా నూటికి యాబది మార్కుల వంటిది కాదు. బ్రేకులలో సగమే పనిచేయుచున్నవనియు కాదు. అది బరువునకును పట్టునకును గల నిష్పత్తి.

దానిని దూరములోనికి మార్చి చూతము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు 50 సామర్థ్యముతో ఆగుటకు సుమారు 28 మీటర్లు పట్టును. 80 ఉన్నచో 18 మీటర్లలోపలనే ఆగును. వేగము 40 అయినచో 50 సామర్థ్యముతో కూడ 13 మీటర్లు చాలును. వేగము ఒకటిన్నర రెట్లు పెరిగిన, ఆగు దూరము రెండుంబాతిక రెట్లు పెరుగును. ఇవి బ్రేకు పట్టిన క్షణము నుండి లెక్కించిన దూరములు. అపాయమును చూచి కాలు పెడలు మీదికి పోవుటకు ముప్పాతిక సెకను పట్టినను, 60 కిలోమీటర్ల వేగమున బండి ఆలోపల 12 మీటర్ల పైచిలుకు సాగిపోవును. ఆ దూరమును ఏ పరీక్షా యంత్రమును తగ్గింపలేదు.

కొలత దొరకినను, దానిని అందరికి విధించుటకు బ్రిటిషు ప్రభుత్వము చాలకాలము సాహసింపలేదు. 1934లో బ్రిటను రోడ్లపై 7,343 మంది మరణించిరి. మరుసటి ఏట జనావాసములలో గంటకు 30 మైళ్ల హద్దును, క్రొత్త చోదకులకు నిర్బంధ పరీక్షను విధించిరి. మనిషిని పరీక్షించుట 1935లో మొదలైనది. యంత్రమును పరీక్షించుటకు మఱి ఇరువదియైదేండ్లు పట్టినది. న్యూజీలాండు వంటి దేశములో 1937లోనే వాహనములకు యోగ్యతా పరీక్ష ఏర్పడియుండగా ఇంగ్లండు వెనుకబడుట విచిత్రమే. యుద్ధము వచ్చెను, యుద్ధానంతరము క్రొత్త కార్లు దొరకక ప్రజలు యుద్ధపూర్వపు బండ్లనే అతుకులు వేసి నడిపిరి.

1956 నాటి రోడ్డు రవాణా శాసనము పరీక్షకు అధికారమిచ్చినది. 1959 నవంబరులో రవాణామంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్ ఎమ్-1 అను రాజమార్గమును ప్రారంభించెను. అప్పుడు దానిపై వేగపు హద్దే లేదు. 70 మైళ్ల హద్దు 1965 డిసెంబరులో గాని రాలేదు. కడ్డీ బ్రేకులతో నడివయస్సు మీరిన చిన్న కార్లు అంత వేగపు దారిపైకి ఎక్కుట ఎంత అపాయమో ఊహింపవచ్చును. 1960 సెప్టెంబరు 12వ తేదీ నుండి పదేండ్లు దాటిన వాహనములకు పరీక్ష ఆరంభమైనది. చూడవలసినవి మూడే: బ్రేకులు, దీపములు, స్టీరింగు.

ఇందులో న్యాయమైన ఒక సందేహము ఇమిడియున్నది. పాతకారు ఎవరి చేతిలో ఉండును? క్రొత్తది కొనలేని వాని చేతిలో. పరీక్ష రుసుము, మరమ్మతు ఖర్చు అతనికే భారము. అంతేగాక పరీక్షించు బాధ్యతను లైసెన్సు పొందిన ప్రైవేటు గ్యారేజీలకే అప్పగించిరి. చెడినదని చెప్పువాడును, బాగుచేసి డబ్బు పుచ్చుకొనువాడును ఒక్కడే అయినచో అతని మాటను నమ్ముట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానముగా నిలిచినది కొలతయే. నీ బ్రేకు బాగులేదు అను మాటను ఎవడైనను చెప్పవచ్చును. సామర్థ్యము 38, కావలసినది 50 అను అంకెను మరియొక గ్యారేజీలో సరిచూచుకొనవచ్చును. అంకె బాటసారిని కారు నుండి కాపాడినట్లే, కారు యజమానిని పరీక్షకుని ఇష్టాయిష్టముల నుండి కాపాడును.

ఫలితములు వెలువడగా సందేహపడిన వారును నివ్వెరపోయిరి. పరీక్షలో తప్పిన బండ్ల పాలు అంత అధికముగా ఉండుటచే, ప్రభుత్వము 1961లోనే పదేండ్ల హద్దును ఏడేండ్లకు, 1967లో మూడేండ్లకు తగ్గించినది. ఇన్నాళ్లు ఆ బండ్ల యజమానులు మోసగాండ్రు కారు. బ్రేకు ఒక్కనాడు చెడదు. దినదినము కొంచెముగా అరుగును. కాలు కొంచెముగా ఎక్కువ నొక్కుటకు అలవాటుపడును. చెడుట కాలికి తెలియనందువలననే కొలత కావలసి వచ్చినది.

ఇప్పుడు నేటి పరీక్షాశాలకు వత్తము. కారు ముందు చక్రములను నేలలో అమర్చిన రోలర్ల జంటలపై నిలుపుదురు. విద్యుత్ మోటార్లు రోలర్లను, రోలర్లు చక్రములను మెల్లగా, ఇంచుమించు నడక వేగమున త్రిప్పును. చోదకుడు బ్రేకు నొక్కగా చక్రము తిరుగుటకు మొరాయించును. ఆ మొరాయింపును యంత్రము కొలిచి కిలోల లెక్కలో చూపును. ఎడమ, కుడి వేరువేరు. తరువాత వెనుక చక్రముల వంతు. చక్రము బిగిసి జారనారంభించిన క్షణమున టైరు చెడకుండ మోటారు తానే ఆగును.

ఒక ఉదాహరణము. కారు బరువు 1,000 కిలోలు. ముందు ఎడమ 190, కుడి 180. వెనుక ఎడమ 90, కుడి 80. మొత్తము 540. బరువుతో భాగించిన నూటికి 54. బ్రిటిషు నిబంధనలలో పాత కార్లకు 50 చాలును గనుక ఇది గట్టెక్కును. 2010 సెప్టెంబరు 1వ తేదీ నుండి వాడుకలోనికి వచ్చిన కార్లకు 58 ఉండవలెను; వాటి లెక్కలో ఇది తప్పినట్లే. ముందు అంకెలు వెనుక అంకెలకు రెట్టింపు ఉండుట చూచి కంగారుపడ నక్కరలేదు. ఆగునపుడు బరువు ముందునకు ఒరగునని చెప్పితిమి గదా. ముందు బ్రేకులు బలముగా ఉండుటయే సరియైన నిర్మాణము.

రెండవ కారును చూడుడు. బరువు అంతే. ముందు ఎడమ 240, కుడి 140. వెనుక రెండును 90 చొప్పున. మొత్తము 560, సామర్థ్యము 56. మొదటి కారు కంటె హెచ్చు! అయినను ఇది తప్పును. ముందు చక్రములలో ఎక్కువ దానికిని తక్కువ దానికిని భేదము 100. దానిని ఎక్కువ అంకెయగు 240తో భాగించిన నూటికి దాదాపు 42. హద్దు 30. తడిదారిలో ఈ కారు బ్రేకు వేసిన వెంటనే ఎడమకు లాగును. చోదకుడు అప్రమత్తుడైనచో సర్దుకొనును, కానిచో కాలిబాట పైకి ఎక్కును. ముందు చక్రములలో తక్కువ అంకె ఎక్కువ దానిలో సగమునకు లోబడినచో దానిని బ్రిటిషు నిబంధనలు 2018 నుండి అపాయకరము అను శ్రేణిలో చేర్చుచున్నవి. అట్టి కారును బాగుచేయక నడుపరాదు. గ్రోవ్ హిల్ నాటి పాఠము ఇట్లు ఒక అంకెగా మారినది.

చేతి బ్రేకునకు వేరు లెక్క. రెండు వేరు గొట్టపు మార్గములున్న కారులో ఒక మార్గము పగిలినను రెండవది పనిచేయును; కావున అందు చేతి బ్రేకు వాలుపై బండిని నిలుపగలిగిన చాలును. దానికి 16 చాలును. అనగా 1,000 కిలోల కారునకు 160 కిలోల పట్టు. ఒకే మార్గమున్న పాత కారులో కాలి బ్రేకు పోయినచో చేతి బ్రేకే దిక్కు గనుక అక్కడ 25 కోరుదురు. 1904లో కోరిన రెండు బ్రేకుల భావమే ఈ రెండు అంకెలలో నేటికిని పలుకుచున్నది.

కొన్నిమార్లు అంకెల ప్రక్కన చక్రము బిగిసినది అను గురుతు కనబడును. అది దోషము కాదు. రోలరుపై టైరునకు దొరికిన పట్టు అంతయు బ్రేకు వాడుకొన్నదని దాని అర్థము. సగమునకు మించిన చక్రములు అట్లు బిగిసినచో మొత్తపు అంకె తక్కువగా ఉన్నను కాలి బ్రేకును అంగీకరింతురు. పెడలు వదలిన తరువాత కూడ ఒక చక్రము పట్టు చూపుచున్నచో బ్రేకు ఎక్కడనో అంటుకొని యున్నదని అర్థము. ఒకే ఒత్తిడిలో అంకె పెరుగుచు తగ్గుచు ఊగులాడినచో డ్రమ్ము గుండ్రదనమో, డిస్కు చదునో చెడినదని ఊహింపవలెను.

ఇక అంకెలు చెప్పని సంగతులును కలవు. నడక వేగమున చల్లని బ్రేకును కొలిచిన అంకె, కనుమదారిలో వేడెక్కిన బ్రేకును గూర్చి ఏమియు చెప్పదు. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. నీరు చేరిన ద్రవము తక్కువ వేడికే మరిగి ఆవిరి బుడగలను పుట్టించును. అప్పుడు పెడలు మెత్తగా లోపలికి పోవును, బండి ఆగదు. తిరుమల కనుమ దిగునపుడు తక్కువ గేరులో దిగుడని అనుభవజ్ఞులు చెప్పుట ఇందుకే. చక్రము బిగియకుండ కాపాడు యంత్రాంగము 1978లో బాష్ సంస్థ, మెర్సిడెస్ కార్ల ద్వారా వాడుకలోనికి వచ్చినది. అది కూడ రోలర్ల మంద వేగమున పనిచేయదు. దాని హెచ్చరిక దీపమును పరీక్షకుడు చూచును.

బరువు సంగతి మఱింత ముఖ్యము. పైని మొదటి కారులో ఐదుగురును, సామానును కలిసి 350 కిలోలు ఎక్కినవనుకొందము. చక్రములు బిగియకయే 540 కిలోలు బ్రేకుల గరిష్ఠ శక్తి అయినచో, 1,350 కిలోల బరువుపై సామర్థ్యము 54 నుండి 40కి దిగును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున ఆగు దూరము 26 మీటర్ల నుండి 35 మీటర్లకు పెరుగును. ఆ తొమ్మిది మీటర్లలో రెండు కార్ల పొడవు ఇమిడియున్నది. దారి దాటుచున్న బిడ్డ కూడ ఉండవచ్చును. ఉత్తీర్ణమైన కారే, పెండ్లికి బయలుదేరిన కుటుంబముతో నిండినపుడు వేరు కారగును.

మన దేశములో 1939 నాటి మోటారు వాహనముల చట్టము బస్సులు, లారీలు మొదలగు రవాణా వాహనములకు యోగ్యతా పత్రమును విధించినది. 1989 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన 1988 నాటి చట్టము దానిని కొనసాగించినది. సొంత కార్లకు మాత్రము పదునైదేండ్ల పిమ్మట రిజిస్ట్రేషనును పునరుద్ధరించుకొనునపుడే ఈ పరీక్ష ఎదురగును. చాలకాలము ఈ పరీక్ష ఇన్‌స్పెక్టరు కంటి చూపుపైనను, కొలది దూరపు పరుగుపైనను ఆధారపడినది. 2021లో కేంద్రప్రభుత్వము యంత్రములచే పరీక్షించు కేంద్రములకు నియమములను ప్రకటించినది. పరీక్ష చేయు సంస్థ మరమ్మతులు గాని, విడిభాగముల అమ్మకము గాని చేయరాదని అందు విధించుట గమనింపదగినది. 1960లో ఇంగ్లండులో తలయెత్తిన శంకకు మనవారు వేరొక సమాధానము చెప్పిరి.

కావున పరీక్షాపత్రము చేతికి వచ్చినపుడు ఉత్తీర్ణమను మాటతో ఆగరాదు. మొత్తము అంకె హద్దునకు ఎంత ఎగువన ఉన్నదో చూడవలెను. ఎడమ కుడి ముందు చక్రముల భేదమును తానే లెక్కించుకొనవలెను. వెనుకటి పరీక్షల పత్రములను పారవేయక దాచి, అంకెలను ప్రక్కప్రక్కన ఉంచి పోల్చవలెను. ఏటేట ఒక చక్రపు అంకె మాత్రమే తగ్గుచున్నచో, తప్పుట కొరకు వేచియుండక ఆ చక్రమును విప్పి చూపించవలెను. యంత్రమునకు జాలి లేదు, పగ లేదు. అది ఆ దినమున ఆ బండి ఎట్లున్నదో చెప్పి ఊరకుండును. మరునాటి నుండి పెడలు క్రింద ఏమి జరుగుచున్నదో కనిపెట్టుకొనుట ఇంటివారి పని.